కన్నీళ్ళంత ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళ చెంబు అటక మీదికి చేరిందంటే, పసివాళ్ళకెవరికో విరేచనాలు పట్టుకున్నాయని అర్థం. నీళ్ళు తాగితే నీళ్ళే పోతాయని, కడుపు ఎండితేనే కట్టుకుంటుందని మా పుంగనూరు పల్లెల్లో పెద్దల నమ్మకం. మా అవ్వ అందులో అందరికంటే గట్టిది. ఊళ్ళో సగం కాన్పులు ఆమె చేతుల మీదే జరిగాయి కాబట్టి ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం మా తమ్ముడికి ఆ జబ్బు చేసింది. అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి వాడికి. మా అమ్మ పాలివ్వబోతే అవ్వ అదీ వద్దంది. "రవ్వంత ఓర్సుకో అమ్మా, ఎండితే అదే కడతాది" అంటూ వాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. వాడు అటక వైపే చూస్తూ "నీ... నీ..." అనేవాడు. ప్రేమ లేక కాదు, వాణ్ణి ఒళ్ళోంచి దించకుండా, తనూ గుక్కెడు నీళ్ళు ముట్టకుండా కూర్చుంది అవ్వ. మరునాడు వాడు ఏడ్చాడు గానీ కంట నీరు రాలేదు. ఆ సాయంత్రమే పోయాడు. రాత ఇంతే అన్నారు అందరూ. అవ్వ కూడా అదే అంది.

నెల తిరక్కుండానే పక్కింటి అక్క కూతురికీ అదే వచ్చింది. వాళ్ళు పరుపులు కుట్టే ముస్లింలు, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. అక్క పిల్లను బస్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయి వచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళలో చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి చెంచాతో పోస్తూ కూర్చుంది. అది చూసి అవ్వ అడ్డం పోయింది. "వద్దు తల్లీ, ఎండగట్టినా మా వాడు దక్కలేదు, సూసినావు గదా" అంది.

"నర్సమ్మే సెప్పింది అవ్వా. పోయిన నీళ్ళు పోయినట్టే మళ్ళీ పొయ్యాలంట. ఉప్పు మాత్రం కండ్లనీళ్ళ కన్నా ఎక్కువ ఉండకూడదంట. సూడు" అని అక్క ఒక చెంచా అవ్వ చేతిలో పోసింది.

అవ్వ నాలుకకు తాకించుకుంది. ఆ రుచి ఆ నెలంతా ఆమెకు తెలిసిందే. గడప దగ్గర కూర్చుండిపోయింది. మరునాటికి పిల్ల లేచి తల్లి గాజులతో ఆడుకుంటుంటే, "ఇంతేనా అమ్మా?" అని అవ్వ అక్కను అడిగింది. అక్క తల వంచుకుంది.

ఆ తర్వాత ఏ ఇంట్లో బిడ్డకు బాగాలేదని విన్నా, పిలవకపోయినా అవ్వ వెళ్ళేది. "నా మనవణ్ణి నేనే ఎండగట్టి సంపుకున్నాను. మీరు నీళ్ళు పొయ్యండి అమ్మా" అని గడపలో నిలబడి చెప్పేది. రాత అనే మాట మళ్ళీ ఆమె నోట వినలేదు. కొందరు విన్నారు, కొందరు ముసలామెకు మతి చెడిందన్నారు. మా అమ్మకు మాత్రం అవ్వతో మాట కలపడానికి ఏళ్ళు పట్టింది. అవ్వ దానికి కూడా ఎవరినీ తప్పు పట్టలేదు.

తప్పు తెలిశాక దాచుకుని బతకడం తేలిక. ఆ తేలిక దారి వద్దనుకున్న మనిషిని నేను ఆమెలోనే చూశాను. ఇప్పుడు ఆ ఉప్పూ చక్కెరా కలిపిన పొడి మందుల షాపులో పొట్లంగా దొరుకుతుంది. అయినా మా మనవడికి కలిపినప్పుడల్లా ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాను. ఉప్పు సరిగ్గానే ఉంటుంది. మా తమ్ముడికి అందని గుక్క అదే.