అన్నదమ్ములు పంచుకున్న వీడియో గేమ్

2022 వేసవి. దర్శిలో నా టీవీ రిపేరు షాపు ముందు నుంచి మిరపకాయల ట్రాక్టర్లు పోతున్నాయి. ఆ ఘాటుకి తుమ్ముతూ నేనొక సెట్‌టాప్ బాక్సు విప్పుతుంటే, పక్క ఊరి రైతు కోటేశ్వరరావు యూరియా సంచిలో చుట్టిన వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చూస్తే పాతకాలం వీడియో గేమ్. తొంభైల్లో పిల్లలు టీవీకి తగిలించి ఆడేవాళ్లే, అది.

“ఇది బాగవ్వాలండీ. సాయంత్రానికల్లా.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “ఏం, ముహూర్తం దాటిపోతుందా? సోమవారం రా.”

అతను కదల్లేదు. తమ్ముడు శీనుకి రెండు కిడ్నీలూ పాడయ్యాయట. గుంటూరు ఆసుపత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారట. పొలం పంపకాల్లో గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములకి ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆ పంపకాల్లో ఈ ఆటని కూడా వదల్లేదు చూడండి! పెట్టె అన్నకి, అందులో పెట్టే ఆట క్యాసెట్ తమ్ముడికి. ఒకటి లేకుండా రెండోది దేనికీ పనికిరాదని తెలిసి కూడా ఇద్దరూ బిగదీసుకుని కూర్చున్నారు.

“పొద్దున మా మరదలు ఫోన్ చేసింది. పెట్టె తెమ్మని వాడు అడిగాడంట. నన్ను రమ్మనలేదండీ, పెట్టెనే అడిగాడు. ఇది పలక్కపోతే నేను ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కను?”

స్క్రూలు విప్పాను. కనెక్టర్, అంటే క్యాసెట్ దిగే చోట వరసగా పిన్నులుండే గాడి, పచ్చగా చిలుము పట్టి ఉంది. పురుగుమందు వాసన గుప్పుమంది.

“దీన్నేం చేశావయ్యా?”

“పోయినేడు దుమ్ము పట్టిందని స్ప్రేయర్‌తో గాలి కొట్టానండి.”

“నీ దుంప తెగ! మిరపతోటకి మందు కొట్టే మిషనుతోనా?”

పైపులో మిగిలిన మందు తుంపర్లు లోపలంతా పడ్డాయి. క్యాసెట్టే లేని పెట్టెకి దుమ్ము దులపడం ఎందుకని మాత్రం నేను అడగలేదు.

భోజనం మానేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అంటే ఇట్టే ఆరిపోయే స్పిరిట్ లాంటి దానితో, ఒక్కో పిన్నూ తుడిచి సూదితో పైకి లేపాను. పైగా కొత్త ఎల్‌ఈడీ టీవీల్లో ఈ పాత ఆటలకి ల్యాగ్ వస్తుంది. బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. అందుకని షాపులోని పిక్చర్ ట్యూబ్ టీవీని కూడా ఆటోలో వేసుకుని అతనితో పాటు వెళ్లాను.

శీను మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మొహం ఉబ్బిపోయింది. అన్నని చూసి మొహం తిప్పుకున్నాడు. అతని భార్య క్యాసెట్ తెచ్చి ఇచ్చింది. పెట్టి స్విచ్ వేశాను. కాసేపు గీతలే. తర్వాత బొమ్మ కుదురుకుంది. కామిక్ పుస్తకాల్లోని ముసుగు హీరో, భుజాల మీద ఎర్ర గుడ్డతో, మేడ మీద నిలబడి ఉన్నాడు.

ఇద్దరాడితే ఇందులో వంతులు. ఒకరి హీరో చస్తేనే రెండోవాళ్లకి ఆట. శీను వేళ్లు సహకరించలేదు, మొదటి మేడ మీంచే పడిపోయాడు. అన్న మాత్రం మేడ మీద మేడ దూకుతూ ఎక్కడికో వెళ్లిపోయాడు. ఇదేం మనిషిరా బాబూ అని నేను పళ్లు కొరుకుతుండగానే, ఆగి, తిన్నగా అంచుదాకా నడిచి హీరోని కిందికి తోసేశాడు.

మళ్లీ శీను ఆడాడు, పడ్డాడు. మళ్లీ అన్న తోసేశాడు.

“కావాలనే చస్తున్నావు కదా అన్నయ్యా?” అన్నాడు శీను.

“అవున్రా. చిన్నప్పుడు నీ వంతు ఎప్పుడన్నా రానిచ్చానా? నువ్వు పక్కన కూర్చుని ఏడ్చేవాడివి.”

“నేను ఏడ్చింది ఆట కోసమా? ఒక్కసారన్నా నావైపు తిరుగుతావని.”

కోటేశ్వరరావు తమ్ముడి కాళ్ల మీద తల పెట్టి బావురుమన్నాడు. నేను బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నాను.

ఇన్నేళ్లూ సామాను ఎంత పాతదని చూసి పని ఒప్పుకునేవాణ్ని. ఆ రోజు నుంచి, ఎవరి కోసం అని ముందు అడుగుతున్నాను.

శీను ఎన్నాళ్లో ఉండలేదు. నేను వాళ్లింట్లోనే వదిలేసి వచ్చిన టీవీని కర్మకాండ అయ్యాక తిరిగివ్వడానికి వచ్చి కోటేశ్వరరావు అన్నాడు.

“ఆఖర్న వాడు ఆ బటన్ల ప్యాడ్ కూడా పట్టుకోలేకపోయాడండీ. నన్నే ఆడమనేవాడు. ‘ఇంక చావకు అన్నయ్యా, నేను చూస్తూ పడుకుంటా’ అనేవాడు.”