అయ్యగారి ప్రసంగం నేను చెప్పిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో మా గుంటూరు వైపు పల్లెల్లో ప్రసంగమంటే ఒక్కరి పని కాదు, ఇద్దరి పని. వేదిక మీద నిలబడి వాక్యం చెప్పేది ఒకరు. కింద కుర్చీలో కూర్చుని, ఆయన "చదువు" అన్నప్పుడల్లా బైబిలు గ్రంథం తెరిచి పైకి చదివేది ఇంకొకరు. చెప్పేవారి నోట్లోంచి అధ్యాయం, వచనం పూర్తిగా బయటికి రాకముందే చదివేవాడి వేలు ఆ పేజీలో ఉండాలి. ఆయన "ఆగు" అంటే మాట సగంలో ఉన్నా ఆగాలి. ఆ సగం మాట పట్టుకుని ఆయన పత్తిచేలల్లోకీ, పెళ్ళిపందిళ్ళలోకీ, ఆసుపత్రి వరండాల్లోకీ తిరిగి తిరిగి వచ్చి "ఊఁ, తర్వాత?" అనగానే సరిగ్గా ఆగిన చోటనే అందుకోవాలి. తొంభైల చివర్లో ఆ కింది కుర్చీ నాది. కూర్చున్నది కిందే గానీ చూపు మాత్రం ఎప్పుడూ వేదిక మీదే ఉండేది (ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, సంఘమంతటికీ తెలుసట).

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. డిగ్రీ చదువుతూ, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రాలు చిన్న ఉద్యోగం చేస్తుండేవాణ్ణి. ఆదివారాలు మాత్రం వాక్యం చెప్పే మా స్కూటరయ్యగారివి. ఆయన అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. నల్లపాడు దగ్గర చిన్న ఇల్లు, ఎండకు వెలిసిపోయిన పాత స్కూటరు, భుజాన ఉతికిన కండువా. ఆ స్కూటరు మీద ఆయన తిరగని పత్తి ఊరు, మిరప ఊరు మా చుట్టుపక్కల లేదు. వెనక సీటు మీద గ్రంథాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను. ఆయన నన్ను "చదువరీ" అని పిలిచేవారు. అది బిరుదో, వెక్కిరింతో తేల్చుకోలేక బిరుదనే ఖాయం చేసుకున్నాను.

చదవడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే, కాకపోతే నేను నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. ప్రార్థన కూడిక అయ్యాక రైతులు పురుగుమందు డబ్బాలు పట్టుకొచ్చేవారు. "అబ్బాయా, దీని మీద ఏం రాశాడో కాస్త చదివిపెట్టు" అనేవారు. ఇంత గొప్ప గొంతుతో పురుగుమందు చదవడమా అని నాకు నామోషీ. ఓసారి గబగబా వార్తల్లా చదివి డబ్బా ఇచ్చేశాను. స్కూటరు తీయబోతున్న అయ్యగారు దిగి వచ్చారు.

"ఏరా చదువరీ, వాక్యం అట్లానే చదువుతావా?"

"అది వాక్యం, ఇది మందు కదండీ."

"ఆయన రేపు పొద్దున చేలో నిలబడి నీ మాట పట్టుకునే మందు కలుపుతాడు. నీళ్ళెన్నో, మందెంతో అక్కడ ఆగు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్న చోట ఇంకోసారి చదువు. వినేవాడికి పనికి రాకపోతే ఆ చదివింది దేనికి?"

బుద్ధిగా మళ్ళీ చదివాను. కానీ నా మనసు డబ్బా మీద లేదు, చెప్పాను కదా, వేదిక మీద ఉంది. అయ్యగారి ప్రసంగాలు వినీ వినీ నాకు కంఠతా వచ్చేశాయి. మాటలే కాదు, ఎక్కడ దగ్గుతారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో, ఎక్కడ కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుంటారో అన్నీ. మా మేడ మీద, ఆరేసిన బట్టల ముందు, వాటిని ఎన్నిసార్లు మారుమనస్సుకు పిలిచానో లెక్కలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన "ఈ పూట నువ్వు చెప్పరా" అంటే చాలు. ఆయన అనేవారు కాదు. నేను ఓ రోజు సిగ్గు విడిచి అడిగితే, "చెబుదువుగానిలే, ముందు చదవడం రానీ" అన్నారు. రెండేళ్ళుగా చదువుతున్నవాడితో అనే మాటేనా అది!

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం పర్చూరు వైపు ఒక పల్లెలో కూడిక. పత్తి తీతల రోజులు. అయ్యగారు నన్ను పందిరి దగ్గర దింపి, "పక్క ఊళ్ళో మంచం పట్టిన పెద్దావిడ కోసం ప్రార్థన చేసి వస్తా. ఈలోగా పాటలు పాడిస్తూ ఉండు" అని వెళ్ళారు. పాడించాను. వచ్చిన పాటలన్నీ అయ్యాయి, సగం వచ్చినవి కూడా అయ్యాయి. అయ్యగారి జాడ లేదు. వెనక వరసలో మగవాళ్ళు బీడీలకని ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ఎండ పొద్దు చూసుకుంటున్నారు. సంఘపెద్ద నా దగ్గరికి వంగి, "అబ్బాయా, జనం లేచిపోయేట్టున్నారు. ఆయనొచ్చేదాకా నువ్వే రెండు మాటలు చెప్పరాదూ?" అన్నాడు.

ఒకటికి రెండుసార్లు వద్దనాలని నాకు తెలుసు. మర్యాద అది. కానీ ఆయన ఒకసారే అడిగి ఊరుకుంటాడేమోనన్న భయంతో మొదటిసారికే వేదిక ఎక్కేశాను.

ఆ రోజు అయ్యగారు ఏ భాగం చెప్పబోతున్నారో నాకు తెలుసు. మంద మొత్తాన్ని వదిలిపెట్టి, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెతుక్కుంటూ పోయే కాపరి భాగం. ఆ ప్రసంగం నాకు అన్నిటికన్నా బాగా వచ్చు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను (అయ్యగారు కళ్ళు మూసుకునే మొదలుపెడతారు). ఏరు పారినట్టు వస్తోంది. ఆయన దగ్గే చోట దగ్గాను. గొంతు తగ్గించే చోట తగ్గించాను. ఒకచోట చెయ్యి ముఖం దాకా పోయి, లేని కళ్ళద్దాలు తీసి, జేబురుమాలుతో శ్రద్ధగా తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. జనం కదిలే అలికిడి లేదు. లేచిపోయినవాళ్ళు బీడీలు పారేసి వెనక్కి వచ్చిన చప్పుడు వినిపించింది. అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆ ప్రసంగంలో అయ్యగారి సంసారం కథ ఒకటుంది. నేను దాన్ని "మా అయ్యగారికి జరిగిందేమిటంటే" అని చెప్పాలనే అనుకున్నాను. తీరా ఆ చోటికి వచ్చేసరికి, కంఠతా వచ్చినది కంఠతా వచ్చినట్టే బయటికి వచ్చేసింది.

"నాకు పెళ్ళయిన కొత్తలో, అంటే ఇప్పటికి ముప్ఫై ఏళ్ళ మాట, మా ఆవిడ అలిగి పుట్టింటికి పోయిందండీ..."

పందిట్లో కిసుక్కుమన్న నవ్వులు. అయ్యగారు చెప్పినప్పుడూ అక్కడ నవ్వుతారు కాబట్టి నేను ఇంకా ఉత్సాహపడి, "నేను ఆవిడ కోసం నడిచి వెళ్ళాను, అప్పటికి మా పెద్దాడు కడుపులో ఉన్నాడు" అన్నాను.

ముందు వరసలోంచి ఒక ముసలమ్మ ఆపుకోలేకపోయింది. "ఏందయ్యా, ముప్ఫై ఏళ్ళ కిందట నువ్వు యాడున్నావు? నీకింకా మీసమే రాలేదుగా!"

పందిరంతా ఘొల్లుమంది. కళ్ళు తెరిచాను. ఎదురుగా, ఆడవాళ్ళ వరసల వెనక గుంజకు ఆనుకుని అయ్యగారు నిలబడి ఉన్నారు. చొక్కా అంతా చెమట, చేతులకు నల్లగా ఆయిలు. స్కూటరు దారిలో మొరాయిస్తే తోసుకుంటూ వచ్చారట, ఎప్పుడొచ్చారో తెలియదు. మైకు గుయ్‌మంటోంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది గానీ నల్లరేగడి కూడా ఆ క్షణాన సహకరించలేదు.

ఆయన మెల్లిగా జనం మధ్యనుంచి నడిచి వచ్చారు. నేను గబగబా వేదిక దిగబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టి, వేదిక ఎక్కకుండా కింద నా కుర్చీలో కూర్చున్నారు. గ్రంథం అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎందాకా వచ్చారు అయ్యగారూ? చదవమంటారా?" అన్నారు.

జనం నవ్వుతున్నారు. నేను ఏడుపు గొంతుతో, మైకుకు వినపడకుండా, "అయ్యగారూ, మీరు రండి" అన్నాను.

"నేనొచ్చి ఏం చెప్పను? నువ్వేమన్నా మిగిల్చావా? చెప్పు, నేను చదువుతా."

చదవడం మొదలుపెట్టారు. రెండేళ్ళలో ఆయన చదవగా నేను వినడం అదే మొదటిసారి. పెద్ద గొంతేం కాదు. ఇంటికొచ్చిన ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టుంది. కాపరి మందను వదిలి బయల్దేరిన చోటికి వచ్చి ఆగిపోయారు. ఆగి, తలెత్తి నా వంక చూశారు. నేను కంఠతా పట్టిన ప్రసంగంలో అక్కడ ఏమీ లేదు. అయ్యగారు ఎప్పుడూ నన్ను ఆ చోట ఆపలేదు మరి. పందిరి అంతా నా వంకే చూస్తోంది. ఏదో ఒకటి అనాలి.

"ఆయనకు... కాళ్ళు నొప్పి పుట్టి ఉంటాయండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఇందాకటి ముసలమ్మే, "పుట్టవా మరి! ముళ్ళు కూడా గుచ్చుకునుంటాయి" అంది. ఆమె పక్కనున్న ఇంకొకావిడ, "మా మేకపిల్ల పోయినప్పుడు మా ఆయన చెప్పులు తెగిపోయి వచ్చాడు" అంది. అయ్యగారు తలూపి తర్వాతి వాక్యం చదివారు, మళ్ళీ ఆగారు. అలా ఆయన చదువుతూ ఆగుతూ, నేను తడబడుతూ తడబడుతూ, మధ్యలో ఊరివాళ్ళు అందుకుంటూ కూడిక ముగిసింది. నేను చెప్పినది మొత్తం కలిపి పది మాటలుండవు. ఆ పది మాటలకూ నా వీపు తడిసిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. కూడిక అయ్యాక ఎవరో బాగుచేసి పెట్టడంతో స్కూటరు మాత్రం ఏమీ జరగనట్టు పోతోంది. ఇక ఆదివారాలు ఇంట్లోనే అనుకున్నాను. ఆ కుర్చీ చేజారుతుందనుకున్నాకే అది నాకెంత ఇష్టమో తెలిసింది. నల్లపాడు దగ్గర రైల్వేగేటు వేసి ఉంది. గూడ్సు ఒకటి తీరిగ్గా పోతోంది. ధైర్యం చేసి, "వచ్చే ఆదివారం నన్ను రావద్దంటారా అండీ?" అన్నాను.

"ఎందుకు రావద్దంటాను? ఇవాళ ఒక్క మాట నీది వచ్చింది. కాళ్ళ నొప్పి మాట. దాన్ని ఉంచుకో. మిగతావన్నీ నావి, నాకిచ్చెయ్." స్కూటరు స్టార్ట్ చేసి, "మా ఆవిణ్ణి కూడా" అన్నారు.

గేటు తెరిచేదాకా ఆయన వీపు కదులుతూనే ఉంది. నవ్వుతున్నారని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ వెనక సీటు మీదే తిరిగాను. పెళ్ళయింది (నిజంగా), బిడ్డలు పుట్టారు. ఆయన వేదిక ఎక్కమన్న రోజులూ వచ్చాయి. కానీ "ఇవాళ చెబుతావా, చదువుతావా?" అని ఆయన అడిగితే నేను ఎక్కువసార్లు చదువుతాననే అన్నాను. ఒక వేసవి ఉదయం ఆయన వాకిట్లో స్కూటరు తుడుస్తూ కూర్చున్నచోటే ఒరిగిపోయారని కోచింగ్ సెంటర్‌కి ఫోనొచ్చింది. ప్రభువు సన్నిధికి వెళ్ళారని నాకు అనుమానం లేదు. మళ్ళీ చూస్తానన్న నిరీక్షణలోనూ లోటు లేదు. అయినా ఆ రోజు ఫోను పెట్టేశాక, ఎదురుగా ఉన్న పిల్లల హాజరుపట్టీ తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయానట.

జ్ఞాపకార్థ కూడికకు వేదిక మీద ఒక వరసంతా అయ్యగార్లే. అందరూ ఆయన గురించి బాగా చెబుతారు. నేనూ ఏదో చెప్పాలని కాగితం తయారుచేసుకున్నాను. అమ్మగారు, అంటే స్కూటరయ్యగారి భార్య, నన్ను పిలిచి, "నువ్వు చెప్పొద్దు నాయనా. వాళ్ళంతా చెబుతారుగా. నువ్వు చదువు, నేను వింటా" అన్నారు. కింద కుర్చీలో కూర్చుని ఆ కాపరి భాగమే తెరిచాను. కాపరి బయల్దేరిన చోటికి వచ్చి, అలవాటు చొప్పున ఆగి, తలెత్తి పైకి చూశాను. ఆ మాట అందుకునేవారు లేరు. వరసలో చివరన కూర్చున్న ఒక కుర్ర అయ్యగారు, పాపం, నేను పంక్తి తప్పాననుకుని వంగి తన వేలితో చోటు చూపించారు. నేను వందనాలు చెప్పి మిగతాది చదివేశాను.

ఇప్పుడు ఆ పందొమ్మిదేళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వేరే ఆయన ప్రసంగంతో, వేరే ఆయన భార్యతో, జనం ముందు కళ్ళు మూసుకుని ఎంత ధీమాగా నిలబడ్డాడు! సిగ్గుపడాల్సింది పోయి, ఈ మధ్య వాడి మీద కాస్త ఈర్ష్యగానే ఉంటోంది. వాడు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆయన ఉన్నారు.