ఎవరు మార్చారో చూపించే పేజీ

ఏళ్ల తరబడి మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఉంచిన సైటు వాళ్లు మొన్న మెయిలు పంపారు, పాత ప్రాజెక్టులన్నీ తీసేస్తున్నాం, కావలసినవి దించుకోండని. చదువుతుంటే భీమవరంలో మా ముందుగది, అక్కడి రొయ్యల మేత బస్తాల వాసన, వాటి మధ్య బరబరమనే కంప్యూటరూ గుర్తొచ్చి కుదురుగా కూర్చోలేకపోయాను. మా వారిది మేత వ్యాపారం. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్ మాత్రం మా మరిదిది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా కోడు మార్చవచ్చు అని నెట్‌లో పెట్టాడు. తలో ఊరి నుంచీ ఐదారుగురు చేరారు. వాళ్లలో అక్షరాల కూర్పు క్షుణ్ణంగా తెలిసినవాడు రాజమండ్రిలో ఉండే మరిది స్నేహితుడొక్కడే.

తప్పులన్నీ మెయిళ్లలో వచ్చేవి, మెయిళ్లలోనే మునిగిపోయేవి. ఒకసారి 'లక్ష్మి' అని కొడితే అక్షరాలు విడివిడిగా పడడం మొదలైంది. ఆ స్నేహితుడు అంతకుముందే సరిచేసిన తప్పు అది. అతను ఫోను చేస్తే నేనే ఎత్తాను. "నేను రాసింది ఎవరు చెరిపేశారో కూడా మీకు తెలీదండి. ఇక నా వల్ల కాదు," అని పెట్టేశాడు. మరిదికి చెబితే, "కొత్తగా చేరినవాళ్లెవరో చేసుంటారు వదినా," అన్నాడు.

ఇక ఇలా కుదరదని, ఈ తప్పులు, అంటే బగ్గులు, రాసుకోవడానికీ, కోడు బ్రౌజర్‌లోనే చూసుకోవడానికీ ఏదో ఒకటి పెట్టుకుందామని ఇద్దరం వెతికాం. ఒకటి బగ్గుల కోసమే. అందులో నింపాల్సిన గళ్లు ఎన్నంటే, ఒక తప్పు చెప్పేలోగా ఇంకో తప్పు పుట్టేస్తుంది. రెండోదానిలో బగ్గులూ కోడూ ఒకేచోట ఉంటాయి. కోడులోని ప్రతి వరుసనూ చివరిసారి ఎవరు మార్చారో పక్కనే పేరు కనిపిస్తుంది. అప్పట్లో ఇంటర్నెట్టూ ఫోను లైను మీదే కాబట్టి, అవి దించుతున్నంతసేపూ ఫోను పనిచేసేది కాదు. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఆ ఇంటర్నెట్టు కాసేపు ఆపండర్రా, పాలకొల్లు నుంచి చెల్లి ఫోను చేస్తానంది," అని సణిగేవారు.

నాకు రెండోదే నచ్చింది. మరిదేమో "స్లోగా ఉంది వదినా, వద్దు" అంటాడు, లేచి వరండాలోకి వెళ్తాడు, తిరిగొచ్చి మళ్లీ అదే మాట. ఏం స్లో, చూద్దామని ఎప్పుడు ఏది మారిందో దాచి ఉన్న మా కోడు చరిత్రంతా అందులోకి ఎక్కించి, అక్షరాలు కూర్చే ఫైలు తెరిచాను. 'క్ష' కూర్చే వరుసల పక్కన మరిది పేరే ఉంది. తన దగ్గరున్న పాత ఫైలు తెచ్చి, స్నేహితుడు సరిచేసిన కొత్తదాని మీద పెట్టేశాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"అనుమానం వచ్చింది వదినా. వాడి మొహం ఎలా చూడను?"

"ఇది పెడితే అందరికీ కనబడుతుంది. వద్దంటే మానేద్దాం. నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే మరిది రెండోదాన్నే అందరికీ తెరిచి, మొదటి బగ్గు తనే రాశాడు: లక్ష్మి విడిపోతోంది, చెడగొట్టింది నేను, క్షమించు. మా సాఫ్ట్‌వేర్‌తోనే కొట్టాడేమో, ఆ 'క్షమించు' కూడా ముక్కలుగానే పడింది.

జవాబు రాలేదు. మరిది కంచం ముందు నుంచి లేచి వెళ్లి పేజీ చూసేవాడు. నేను క్లాసుకీ క్లాసుకీ మధ్య కాలేజీ ల్యాబులో చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ బగ్గు మూసేసి ఉంది, కింద ఒకే మాట: "సరిచేశాను." క్షమించానని లేదు. ఆ స్నేహితుడు ప్రాజెక్టు వదల్లేదు గానీ, మునుపటిలా బస్సెక్కి మా ఇంటికి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ అప్పుడు ఒక్కో పూట ఒక్కో యుగంలా గడిచింది. అది ఏ ఏడాదో చెప్పమంటే ఇప్పుడు నేనూ, మరిదీ ఇద్దరం తడుముకుంటాం.