వెనక వినబడుతోందా?

ఆ పేటలో మైకు మావయ్యను ఎరగనివాళ్లు లేరు. ఆయన అసలు పేరేమిటని అడిగితే మాత్రం పక్కింటివాళ్లు కూడా కాసేపు బుర్ర గోక్కుంటారు. పెళ్లయినా, సంతాప సభయినా, బళ్లో ఆటల పోటీలయినా మైకు ఆయనదే. అందరు మైకువాళ్లలాగా "హలో, హలో" అని ఊదేసి చేతులు దులుపుకునే రకం కాదు. దొరికినవాళ్లను మైకు ముందు నిలబెట్టి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమంటాడు. తను చివరి వరుస దాకా నడిచివెళ్లి కూర్చుని వింటాడు.

"ఏడు నలిగిపోయింది. మళ్లీ చెప్పు" అంటాడు. మనకేమో ఏడూ ఎనిమిదీ ఒక్కలాగే వినబడి చస్తాయి.

సభ మొదలయ్యే ముందు మాత్రం మైకు తనే అందుకుని, "వెనక వినబడుతోందా? వినబడితే చెయ్యెత్తండి" అంటాడు. చివరి వరుసలో ఒక్క చెయ్యి లేవకపోయినా ఎంతటివాళ్లు వేదిక మీద కూర్చున్నా సరే, సభ మొదలవనివ్వడు. ముందు కూర్చున్నవాళ్లకు మైకు లేకపోయినా వినబడుతుందట. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనకే కూర్చుంటారు, వాళ్లకోసమే తను ఉన్నానంటాడు.

ఏటా ఆ పేటవాళ్లు కాలవ ఒడ్డున మైదానంలో మూడు రోజులు కళల పండగ చేస్తారు. నాటకాలు, పాటలు, బొమ్మలు అన్నీ ఉంటాయి. సర్కారుకు దాంతో సంబంధం లేదు. బేకరీ ఆయన, టైలరమ్మ, బడి టీచర్లు, అలా తలో చెయ్యీ వేస్తారు. మావయ్య వంతు మైకుసెట్టు, దాన్ని నడిపే డీజిల్ జనరేటర్. ముప్పై అయిదేళ్లుగా ఆయన అది ఊరికే ఇస్తున్నాడు. ఆ మూడు రోజులూ ఆయన నడకే మారిపోతుంది.

అయితే జనరేటర్‌ని చంటిపిల్లలాగా కనిపెట్టుకుని ఉండాలి. అందుకని ఆయన ఎప్పుడూ వేదిక వెనక దాని పక్కనే కుర్చీ వేసుకునేవాడు. ముప్పై అయిదేళ్లలో ఒక్క నాటకం కూడా ముందునుంచి చూసి ఎరగడు. ఆయన చూసిందల్లా తెర వెనక భాగం, నటుల వీపులు. విన్నదల్లా జనరేటర్ మోత. దానివైపు ఉండే ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. సరుకులేం తేవాలో చెప్పాలంటే అత్తయ్య ఆయనకు కుడివైపు వస్తుంది, తిట్టాలంటే ఎడమవైపు నిలబడుతుంది. అదేం చిత్రమో గానీ తిట్లన్నీ ఆయనకు శుభ్రంగా వినబడతాయి.

వాళ్లకు ఒక్కతే కూతురు. నీళ్లను పరీక్షించే ఆఫీసులో పని. పొట్టి మనిషి, గట్టి బుర్ర. పోయినేడు పండగ అయిన మర్నాడు, జనరేటర్ ఉన్నచోట మట్టినీ, అక్కడి మురుగు కలిసే చోట కాలవ నీళ్లనూ సీసాల్లో పట్టుకెళ్లింది. రెండింట్లోనూ డీజిల్ తేలింది. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఈ ఏడు మొదటి మీటింగుకు వచ్చింది.

మీటింగు ఎప్పుడూ బేకరీ మీది గదిలోనే. పిండి బస్తాల మీద, బోర్లించిన ట్రేల మీద తలా ఒకచోట కూర్చుంటారు. లేచేటప్పుడు అందరి వెనకా తెల్లగా ఉంటుంది. కూతురు ఒక్కొక్కటే చెప్పింది. కాగితం కప్పులు వద్దు, ఎవరి గ్లాసు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలి. ఫ్లెక్సీలు వద్దు, పాత దుప్పట్ల మీద రంగులతో రాయాలి. సాయంత్రం లైట్లు వెలిగించే బదులు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి వెలుతురు ఉండగానే ముగించాలి. అన్నింటికీ తలలూపారు. అప్పుడు ఆమె తండ్రి వైపు చూడకుండా అంది:

"జనరేటర్ కూడా వద్దు."

బేకరీ ఆయనే ముందు తేరుకున్నాడు. "ఏంటమ్మా, మీ నాన్ననే వద్దంటున్నావా?"

"నాన్నను కాదండీ, జనరేటర్‌ని."

"రెండూ ఒకటేగా!"

అందరూ ఘొల్లుమన్నారు. మావయ్య నవ్వలేదు. రెండూ ఒకటే అని ఆయన కూడా అనుకుంటున్నాడు మరి.

చివరికి బేకరీ ఆయనే రాజీ కుదిర్చాడు. మొదటి రోజు జనరేటర్ లేకుండా, మైకు లేకుండా నడిపి చూడాలి. చివరి వరుసకు వినబడితే సరే, ఇకమీదట దాని ఊసే వద్దు. వినబడకపోతే మర్నాటినుంచి జనరేటర్ వస్తుంది, ఈ గొడవ మళ్లీ ఎత్తకూడదు.

"వినబడిందో లేదో ఎవరు చెప్తారు?" అంది టైలరమ్మ.

"ఇంకెవరు? మావయ్యే."

ఆయన తలాడించాడు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొస్తే ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎడమ చెవి ఆమె వైపు పెట్టాడు. ఆమె చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. ఆయన కుర్చీతో సహా తిరిగాడు. అరవై నాలుగేళ్ల మనిషి!

"సిగ్గులేకపోతే సరి" అంది అత్తయ్య వంటింట్లోంచి.

కూతురు నేలమీదే ఆయన కాళ్ల దగ్గర చతికిలపడింది. "నాన్నా, ఆరేళ్లప్పుడు నేను పండగ స్టేజీ మీద పాడాను. గుర్తుందా?"

"గుర్తులేకేం. నీలం గౌను. వెనక బెల్టు ముడి ఊడిపోయి వేలాడుతోంది. ఎవరైనా ముడేస్తే బాగుండునని ఎంత కొట్టుకున్నానో."

"ఏం పాట పాడాను?"

మావయ్యకు ముడి గుర్తుంది. పాట ఏదో ఆయనకు తెలియదు. ఎప్పుడూ తెలియదు.

"నువ్వు నన్ను వినిపించావు నాన్నా, అందరికీ. నువ్వు మాత్రం వినలేదు. ఇంటికొచ్చాక అడిగాను, ఎలా పాడానని. బ్రహ్మాండం అన్నావు. నాకప్పుడే తెలుసు." "కాలవకోసమే అడిగాను, అబద్ధం కాదు. కానీ నువ్వొక్కసారి ముందుకొచ్చి కూర్చుంటావని కూడా."

ఆయన ఈసారి కుర్చీ తిప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లాడు. ఏటా వేదిక కట్టేది రోడ్డు వైపు. దాని వెనక జనరేటర్ పెట్టే చోట గుండ్రంగా నల్లని మచ్చ ఉంది. అక్కణ్నుంచి కాలవలోకి పోయే చిన్న మురుగు బోదె కూడా నల్లగానే ఉంది. పచ్చిక ఆ మచ్చ దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాడు, బండి నిలిపే చోట నూనె మరకలాగా. వంగి ఆ మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. రోజూ సబ్బుతో తోముకున్నా పోని తన చేతుల వాసనే. ఆయనకు సిగ్గేసింది.

లేచి చుట్టూ చూశాడు. మైదానానికి పడమర, కాలవ గట్టు మీద, పంపుహౌస్ గోడ ఉంది. ఎత్తుగా, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ గోడను ఆయన తిట్టని తిట్టు లేదు. ఎటు తిరిగి స్పీకర్ బాక్సులు పెట్టినా శబ్దాన్ని పట్టుకుని తిరిగి మొహాన కొట్టేది. దాని నోరు మూయడానికి ఏటా గోనెసంచులు, కంబళ్లు వేలాడదీసేవాడు. అలాంటి గోడ ముందు నిలబడి ఆయన ఇప్పుడు ఒక్క చప్పట కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు. ఇంటికి పరిగెత్తినంత పనిచేసి అత్తయ్యను లాక్కొచ్చాడు.

"ఈ గోడకు వీపు పెట్టి నిలబడి లెక్కపెట్టు. అరవొద్దు. మామూలుగా."

"కూరలు తేవాలి, బట్టలు నానబెట్టి వచ్చాను, ఈ వయసులో ఇదేం పిచ్చి..." అంటూనే అత్తయ్య మొదలుపెట్టింది. ఆయన చివరి వరుస వచ్చేచోట నిలబడ్డాడు. ఏడు ముక్క పోకుండా వచ్చింది. ఆ తర్వాత ఆమె గొణుక్కున్నది కూడా వచ్చింది.

మూడింటికి వచ్చి చూస్తే గోడ నీడ మైదానం సగం దాకా పడింది. కాలవ మీంచి గాలి గోడ పక్కగా తిరిగి రోడ్డు వైపుకు వీస్తోంది. ఏళ్ల తరబడి తన కాగితాలన్నీ ఎగరేసుకుపోయిన గాలే. ఆయన నేరుగా బేకరీకి వెళ్లాడు.

"వేదిక గోడ ముందు కట్టండి. కుర్చీలు గోడ వైపు తిప్పి, మధ్యలో దారి వదలకుండా దగ్గరదగ్గరగా వెయ్యండి."

బేకరీ ఆయన ఆశ్చర్యపోయాడు. "అదేంటి మావయ్యా, వినబడితే మీ జనరేటర్ పోతుంది కదా?"

"తీర్పు చెప్పమన్నారుగా. పరీక్ష సరిగ్గా జరగొద్దూ?" అని పుల్ల విరిచినట్టు చెప్పి వచ్చేశాడు. కానీ ఆ వారమంతా ఆయనకు నిద్ర సరిగ్గా పట్టలేదు. రేపటినుంచి తను అక్కడ ఎవరు? వైర్లు లేని మైకువాడు ఎక్కడ నిలబడాలి? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పండగ మొదటి రోజు వచ్చింది. దుప్పట్ల మీద అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. అందరి చేతుల్లో ఇంటి గ్లాసులు. ఎవరిది ఎవరిదో తెలియక తారుమారై అప్పుడే రెండు వాదులాటలు కూడా అయ్యాయి. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరి వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమవైపు అత్తయ్య. కుడివైపు సాక్ష్యానికి బేకరీ ఆయన.

మొదట కూతురే వచ్చింది. గోడకు వీపు పెట్టి నిలబడింది. ముందు వరుసలు దాటి, మధ్య వరుసలు దాటి ఆమె చూపు నేరుగా వెనక్కి వచ్చింది.

"వెనక వినబడుతోందా?"

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆ ప్రశ్న మావయ్య కొన్ని వేలసార్లు అడిగి ఉంటాడు. ఒక్కసారి కూడా ఎవరూ ఆయన్ను అడగలేదు.

లేదని ఒక్క మాట అంటే చాలు. రేపు మధ్యాహ్నానికి జనరేటర్ వస్తుంది, దాని పక్కన తన కుర్చీ వస్తుంది. ఒంటి చెవి మనిషి మాటను ఎవరూ తప్పుపట్టరు. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

కూతురు జవాబుకోసం ఆగలేదు. పాట అందుకుంది. ఆకు పడవెక్కి వాననీళ్లు దాటిన చీమ పాట. చిన్నపిల్లల పాట. నలభై ఏళ్ల మనిషి పాడుతుంటే కొందరు నవ్వారు, తర్వాత ఊరుకున్నారు. గొంతు గొప్పదేమీ కాదు. రెండో చరణంలో కాస్త బొంగురుపోయింది, ఒకచోట ఊపిరి చాలలేదు. ఆ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఆయనకు వినబడింది. మోత ఏదీ లేదు. ఈ పాటేనన్నమాట. ఊడిన ముడి అవతలివైపు, ముప్పై నాలుగేళ్ల కిందట, ఆరేళ్ల పిల్ల పాడింది ఈ పాటే.

పాట అయిపోయింది. బేకరీ ఆయన వంగాడు. "ఏం మావయ్యా? వినబడిందా?"

మావయ్య లేచి నిలబడి నోరు తెరిచాడు. పేటలో అందరి గొంతులూ పెద్దవి చేసిన మనిషికి తన గొంతు మాత్రం రాలేదు. అందుకని చివరి వరుసవాళ్లకు ఆయనే నేర్పిన పని చేశాడు. చెయ్యెత్తాడు. అక్కడికి కనబడదేమోనని రెండో చెయ్యి కూడా ఎత్తాడు.

"దించండిక, అందరూ చూస్తున్నారు" అంది అత్తయ్య ఎడమవైపు నుంచి.

ఆయన దించలేదు.