మిషన్ వదలని నీళ్లు

మా ఇంటికి బట్టలుతికే మిషన్ వచ్చిన మూడో వారానికే అది నీళ్లు వదలనని మొండికేసింది. ఎనభై ఆరో ఏడో సరిగ్గా గుర్తులేదు గానీ, అనంతపురంలో వానలు వరసగా మొహం చాటేసిన రోజులవి. కొళాయి రోజు మార్చి రోజు వచ్చేది, వచ్చినా గంటసేపే. అలాంటి ఊళ్లో నీళ్లు పట్టుకుని కూర్చున్న మిషన్‌ను చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సరదాకి కొన్న మిషన్ కాదది. నేను ఆఫీసులో టైపిస్టును. కుడి మణికట్టు వాచిపోతే డాక్టరు చూసి, "ఇంగ దుప్పట్లు పిండినావంటే టైపు కొట్టేది మర్చిపోవాల్సిందే" అన్నాడు. మా ఆయన పనిమీద బెంగళూరు పోయినప్పుడు నా జీతం దుడ్లతో రెండు తొట్ల మిషన్ ఒకటి కొని లారీలో వేయించుకొచ్చాడు. ఒక తొట్టి ఉతుకుతుంది, రెండోది గిరగిరా తిప్పి పిండుతుంది. మా వీధికి అదే మొదటిది. చూడ్డానికి వచ్చినవాళ్లకు కాఫీలు కాచి కాచి నాకు విసుగొచ్చింది.

ఇంట్లో మేం ముగ్గురమే. నేను, మా ఆయన, మా అత్త. అత్తది ఉరవకొండ దగ్గర పల్లె. వంట నాది, దుడ్ల లెక్క మా ఆయనది, నీళ్లు ఆమెవి. ఏ బిందె తాగడానికి, ఏ బిందె వాడకానికి, ఎవరి స్నానానికి ఎన్ని చెంబులు, అంతా ఆమె పెత్తనమే. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడిగి, వాటితోనే గిన్నెలు తొలిచి, ఆఖరికి బొప్పాయి చెట్టు మొదట్లో పోసేది. ఈ విషయంలో ఆమె ఎవరినీ అడిగేది కాదు, ఆమెను ఎవరూ అడిగేవాళ్లు కాదు. పెళ్లయిన పదకొండేళ్లలో మా ఇద్దరికీ మాటా మాటా రాలేదు. మా అమ్మ దగ్గర కంటే ఆమె దగ్గరే నాకు చనువెక్కువ. ఆ చనువును నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను.

మొదటిరోజు అత్త పీట వేసుకుని మిషన్ ముందే కూర్చుంది. నీళ్లను బయటికి తోసే మోటారు అందులో లేదు. పక్కనున్న మర తిప్పితే అడుగున తూము తెరుచుకుంటుంది, నీళ్లు పైపులోంచి వాటంతటవే జారిపోతాయి. ఆ పైపును గోడ కన్నంలోంచి ఇంటి పక్క సందులోకి వదిలాం. అత్త సందులోకి పోయి, నురగ నీళ్లు కాలవలో కలిసేదాకా చూసి వచ్చింది.

"అన్నీ పోయినాయి కదమ్మా" అంది.

"సబ్బునీళ్లు అత్తా. ఏం చేసుకుంటావు?" అని నవ్వాను.

"సబ్బునీళ్లయితే మాత్రం, నీళ్లు కావా?"

నేను పట్టించుకోలేదు. పొద్దున్నే బట్టలు తిప్పి, సబ్బుతోనే బకెట్లలోకి తీసి ఆఫీసుకు పోయేదాన్ని. పగలు అత్త మర తిప్పి నీళ్లు వదలాలి, సాయంత్రం నేనొచ్చి మంచినీళ్లలో జాడించి పిండాలి. అదీ ఏర్పాటు. మర తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దనీ, మూత తీస్తే షాకు కొడుతుందనీ అత్తకు గట్టిగా చెప్పాను. నిజానికి షాకు సంగతి నాకే సరిగ్గా తెలియదు.

మూడో వారం నుంచి సాయంత్రం మూత తీస్తే సగం తొట్టి మురికి నీళ్లు. మర అటు తిప్పినా ఇటు తిప్పినా చుక్క కదలదు. పిండే తొట్టిలోకి కూడా అవే ఎగదన్నేవి. వాచిన చేత్తో చెంబు పట్టుకుని తోడిపోసేదాన్ని. పిండే బాధ తప్పి తోడే బాధ పట్టుకుంది.

పక్క వీధిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే సాయిబు ఉండేవాడు. ఆదివారం పిలిపించాను. తొట్టి నింపి మర తిప్పాడు. నీళ్లు జరజరా పోయాయి. సందులోకి వెళ్లి పైపు కూడా చూసి వచ్చాడు.

"బాగనే పోతాండాయి కదక్కా."

సోమవారం సాయంత్రం మళ్లీ సగం తొట్టి. పై ఆదివారం మళ్లీ పిలిపించాను. ఈసారి మిషన్ పక్కకు పడుకోబెట్టి, తూములోంచి ఒక చొక్కా గుండీ, పిన్నీసు, పిడికెడు దారపు చెత్త తీశాడు. మళ్లీ జరజరా పోయాయి.

"అక్కా, మిషన్‌కు ఏ రోగమూ లేదు. నీకే అనుమానం ఎక్కువుండాది" అని నవ్వి పోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మళ్లీ నీళ్లు నిలిచేసరికి మా ఆయనేమో మిషన్‌ను తిరిగి బెంగళూరు పంపించేద్దామన్నాడు. నా చెయ్యి ఏమవుతుందో అడగలేదు. ఆ వారమంతా ఎవరు పలకరించినా కసురుకున్నాను.

గురువారం మా ఆఫీసరు క్యాంపుకు పోయాడని మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. పిలిస్తే అత్త పలకలేదు. సందులో చప్పుడైతే అటు వెళ్లాను. గోడ వారగా నా నడుమెత్తు డ్రమ్ము. పైపు కొసను ఎత్తి, దాని అంచుకు పాత చీర పేలికతో గట్టిగా కట్టి ఉంది. అత్త చెంబుతో డ్రమ్ములోంచి బకెట్‌లోకి తోడుకుంటోంది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"వచ్చినావా? చూడు, ఎన్ని పట్టినానో. దొడ్డి కడిగేకి, వాకిట్లో చల్లేకి ఇంగ కొళాయి నీళ్లు ముట్టుకునే పనే లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు ఆదివారాలు పరాయి మనిషి ముందు తెలివితక్కువదాన్నయి నిలబడ్డాను. మిషన్ వెనక్కి పంపేద్దామని మా ఆయన చేత అనిపించుకున్నాను. అంతా ఈ పేలిక ముక్క వల్లా అనిపించింది.

"మిషన్ ఇంట్లో ఉండేది నీకు ఇష్టం లేదు. అందుకే కావాలని చేసినావు. ఇది నా జీతంతో కొన్నది. ఇంగ నన్ను అడక్కుండా ఈ నీళ్ల మీద చెయ్యి పెట్టొద్దు" అన్నాను.

అత్త వంగి పేలిక విప్పి, పైపును నేల మీద వదిలింది. లోపల నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికి దూకి కాలవలోకి పోయాయి. ఇద్దరం నిలబడి చూశాం.

సాయిబును మూడోసారి పిలిపించింది మా ఆయన. సంగతి విని అతను పైపు కొస పట్టుకుని పైకెత్తాడు, నీళ్లు ఆగాయి. దించాడు, పోయాయి.

"నీళ్లు పైకి ఎక్కవు కదవ్వా. డ్రమ్ము ఎంత ఎత్తుంటే లోపల అంత ఎత్తున నిలబడ్తాయి. నువ్వు మూత తీసి చూడలేదా?"

"మూత తీస్తే షాకు కొడ్తాదని కోడలు చెప్పింది కదప్పా. వచ్చేవి ఆగినాయి, అయిపోయినాయి అనుకుంటి."

"మరి నేనొచ్చినప్పుడు డ్రమ్ము లేదే?"

"మిషన్ కొన్నోళ్లు మురికినీళ్లు దాచుకుంటాండారని నువ్వు నలుగురికీ చెప్తే కోడలికి నామోషి కదా. అందుకని తీసి పక్కన పెడ్తి."

నేను వంటింట్లో ఉన్నాను. అంతా వినపడింది. సిగ్గుతో బయటికి రాలేకపోయాను.

దానికి మందు చిటికెలో దొరికింది. నాలుగు మందపాటి బండలు పేర్చి మిషన్ వాటి మీద ఎక్కించారు. సందులో పైపు కింద డ్రమ్ము బదులు ఎత్తు తక్కువున్న వెడల్పాటి జింకు తొట్టి పెట్టారు. తొట్టి నిండితే మర కట్టేసి, తోడి డ్రమ్ములో పోసి, మళ్లీ తిప్పాలి. నీళ్లన్నీ దిగిపోయాయి, ఒక్క చుక్క కాలవలో కలవలేదు. నా చెయ్యి కూడా నెల తిరక్కుండా కుదురుకుంది. బండలు పేర్చిన సాయంత్రమే అత్త పక్కన కూర్చుని, తప్పుగా మాట్లాడానని చెప్పాను. "పోనీలేమ్మా" అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ పై ఉతుకు రోజు నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే గడప దగ్గరికి వచ్చి, "నీళ్లు పట్టుకోనా అమ్మా?" అని అడిగింది. ఎగతాళేమో అనుకుని నవ్వాను. ముఖంలో ఎగతాళి లేదు.

"అడగాల్నా అత్తా? అన్నీ నీవే" అన్నాను.

తరవాతి ఉతుకుకూ అడిగింది. ఆ తరవాతా అడిగింది. దెప్పిపొడిచినట్టు కాదు, మామూలుగానే, పాలవాడు వచ్చాడా అని అడిగినట్టు. ఆ ఒక్క వాక్యం వినపడినప్పుడల్లా నాకు నామీద అసహ్యం వేసేది. వద్దని బతిమాలాను, కోప్పడ్డాను, మా ఆయనతో చెప్పించాను. సరే అనేది, మళ్లీ గడప దగ్గరికి వచ్చేది.

ఒకరోజు ఆ ప్రశ్న వినకూడదని పంతం పట్టాను. అడగడానికి నేను లేకపోతే తనే పట్టుకుంటుంది కదా అని, ఆమె పెరట్లో ఉన్నప్పుడు చెప్పకుండా ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి మూత తీశాను. పొద్దున నేను వదిలిన నీళ్లు వదిలినట్టే, తొట్టి అంచుదాకా ఉన్నాయి. నా అడుగుల చప్పుడు విని అత్త లేచి వచ్చింది. చేతిలో ఖాళీ చెంబు ఉంది.

"వచ్చినావా అమ్మా? పట్టుకోనా?"