మెరవని అతుకు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నా వెల్డింగు షెడ్డు. చదువు అయిదో తరగతితో సరి. అల్యూమినియం అతకడం ఎవరూ నేర్పలేదు. పెళ్లివంటల డేగిసాలు, ఇడ్లీ పాత్రలు అతికి అతికి నేర్చుకున్నాను. వాటికి వాడేది సిలికాన్ కలిసిన తీగ. కరిగితే నీళ్లలా పారుతుంది, వెండిలా మెరుస్తుంది. అతికాక చింతపండుతో తోమి ఇవ్వడం మా వైపు అలవాటు. మెరిస్తే మంచి అతుకు, మెరవకపోతే చెడ్డది. గిరాకీలు అలాగే చూశారు, సిగ్గులేకుండా నేనూ అలాగే చూశాను.

పోయినేడు ఎచ్చెర్ల అవతలి తీరం నుంచి ఒక పడవ మనిషి గోనెసంచి మోసుకుని వచ్చాడు. లోపల పడవకి ఇంజన్ బిగించే చట్రం. దాని పలక ఓడల తుక్కులో కొన్నది. పలక మీది కాలు పాత ఇంజన్ నుంచి కోసిన పోత ముక్క. రెండూ అల్యూమినియమే. రెండు నెలల కిందట వాటిని అతికి, చింతపండుతో తోమి ఇచ్చింది నేనే. ఇప్పుడు అతుకు పొడుగునా పగిలి ఉంది.

"నడి సముద్రంలో ఇరిగిపోనాది మావా. ఇంజన్ నీటిలోకి జారిపోతంటే మా తమ్ముడు తాడేసి పట్టీసినాడు. ఇంకాస్తయితే ఆడూ దానితోటే పోయీవోడు."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మళ్లీ అతికీ. ఈసారి మందంగా ఎయ్యి."

"మందం కాదురా. నేనే ఏటో తప్పు సేసీసినాను. మూడ్రోజులు ఆగు."

"మూడ్రోజులు ఏటి తినమంటావు?"

"బియ్యం నేనిస్తాను. ఈ అతుకు మీద మాత్రం నిన్ను పంపను."

తీగలమ్మే దుకాణంలో అడిగితే కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "అల్యూమినియమంటే అల్యూమినియమే పెద్దాయనా. అన్నిటికీ ఇదే తీగ." ఒళ్లు మండిపోయింది. అన్నిటికీ ఒకటే అయితే అరలో రెండు రకాల డబ్బాలెందుకు? డబ్బాతో ఇచ్చే కాగితం మీద ఏ లోహానికి ఏ తీగో తెలిపే పట్టిక ఉండనే ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషులో. నిప్పు ముందు కూర్చునేవాడికి ఆ ఇంగ్లీషు వస్తుందా రాదా అని అచ్చేసినవాడు ఒక్కసారైనా అనుకున్నాడా? రెండు డబ్బాలూ, ఆ కాగితమూ తెచ్చుకుని భూతద్దంతో అక్షరమక్షరం కూడబలుక్కున్నాను.

ముందు ఏ ముక్క ఏమిటో తెలియాలి. రెండింటినీ ఆకురాయితో రుద్ది, కాస్టిక్ సోడా నీళ్లు చెరో చుక్క వేశాను. పోత కాలు మీద మచ్చ నల్లబడింది. అందులో సిలికాన్ ఉందన్నమాట. ఓడ పలక తెల్లగానే ఉంది. ఓడ పలకల్లో మెగ్నీషియం ఎక్కువనీ, అందులో సిలికాన్ తీగ కరిగితే అతుకు పెళుసెక్కుతుందనీ పట్టిక చెబుతోంది. ఈ జోడీకి రాసిపెట్టింది రెండో డబ్బాలోని మెగ్నీషియం తీగ.

కాగితాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? రెండింటి అంచుల నుంచి ముక్కలు కోసి, ఒక జత పాత తీగతో, ఒక జత కొత్త తీగతో అతికాను. బల్లమీది వైసుకి బిగించి సుత్తితో కొట్టాను. మెరిసే అతుకు అప్పడంలా విరిగింది. రెండోది వంగింది గానీ విడలేదు.

పాత అతుకంతా కోసి పారేసి, శుభ్రంగా రుద్ది, కొత్త తీగతో అతికాను. ఆ తీగ మొండిది, తొందరగా పారదు. పైన నల్లటి మసి వదులుతుంది. మూడోనాటికి పడవ మనిషి వచ్చి చట్రం తిప్పి చూశాడు.

"పెనం అడుగులా ఉన్నాదేటి మావా? సింతపండు అయిపోనాదా?"

"మెరుపు సూసే కదరా ములిగినావు."

"ములగలేదు. ఇంటికొచ్చీసినాను."

"అది నా గొప్పా?"

"తాడు గొప్ప" అన్నాడు నవ్వకుండా.

నెల తరవాత కిరసనాయిలు సీసా, సుద్దపొడి పట్టుకుని నేనే వాళ్ల తీరానికి వెళ్లాను. అతుకు మీద కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద చల్లాను. వెంట్రుకంత బీట ఉన్నా లోపలి నూనె పైకి ఊరి, సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ పక్కనే గొంతుక్కూర్చున్నారు. ఎంతసేపు చూసినా సుద్ద తెల్లగానే ఉంది.

తమ్ముడు అడిగాడు. "అయితే తాడు ఇంటికాడ ఒగ్గీనా మావా?"

"ఒగ్గకు. పడవలోనే ఉండనీ" అన్నాను.