ఎక్కడికి వెళ్లిందో, యాడికి పోయిందో

మొన్నొక సాయంత్రం నా ఫోనులో నేనే కనబడి, నాది కాని గొంతుతో మాట్లాడాను. కళ్లజోడు నాదే, నడక నాదే, కదులుతున్న పెదవులూ నావే, మాట మాత్రం మా వీధిలో ఆకుకూరలమ్మే తెలుగామెది. ఇలా ఉంటుందని ముందే తెలిసినా, చూడలేకపోయాను. ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. నా మనవరాలు ఈ తమిళ ఊళ్లోనే ఒక కాలేజీలో సినిమా తీయడం చదువుతోంది. సినిమాలు చూస్తే చదువు పాడవుతుందని మనల్ని కోప్పడేవారు, ఇప్పుడు అదే చదువయింది. చివరి ఏడాది పరీక్షకు ఒక చిన్న సినిమా తీయాలి, అంతకంటే ముందు దాని ట్రైలర్ తయారుచేసి నలుగురికీ చూపించి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి మార్చి అప్పగించాలి. కథ ఏమంత పెద్దది కాదు. మేక తప్పిపోయిన ముసలావిడ ఊరంతా తిరిగి దాన్ని వెతుక్కుంటుంది, అంతే. ఆ ముసలావిడ వేషం నాకిచ్చింది. ఈ వయసులో హీరోయిన్‌నయ్యానని నాలో నేనే మురిసిపోయాను.

ట్రైలర్‌లో నేను అనవలసింది ఒకే ఒక మాట. మనవరాలికి తెలుగు అక్షరాలు రావు, మాట వచ్చు, అందుకని తమిళ అక్షరాల్లో రాసుకొచ్చింది: "నా మేక యాడికి పోయిందో చూసినారా?" ముప్పై అయిదేళ్లు ఈ ఊళ్లో తెలుగు పంతులమ్మగా పనిచేసినదాన్ని, చేతికి కాగితం అందితే ఎర్ర పెన్ను కోసం తడుముకునే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని దిద్ది, "నా మేక ఎక్కడికి వెళ్లిందో చూశారా?" అని కెమెరా ముందు స్పష్టంగా పలికాను. మనవరాలు ఏదో అనబోయి, పెద్దదాన్ని కదా అని ఊరుకుంది.

రెడ్డియార్‌పాళయంలో మా ఆడపడుచు ఇంటి మేడమీద బంధువులనూ ఇరుగుపొరుగు తెలుగువాళ్లనూ పోగుచేసి, బస్సుల రొద వినబడకుండా కిటికీలు మూసి, గోడకు దుప్పటి కట్టి ట్రైలర్ వేశాం. అయిపోయాక మనవరాలు తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయొద్దు, మనసులో ఉన్నది రాయండి అంది. చీటీలు ఇంటికి తెచ్చుకుని ఇద్దరం చదివాం. అన్నీ తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే. మేక బాగా చేసిందని చాలామంది మెచ్చుకున్నారు. నా సంగతికొచ్చేసరికి ఒకరు "మేకను వెతుకుతున్నట్టు లేదు, హాజరు పిలుస్తున్నట్టుంది" అని రాశారు. నవ్వబోయాను. తర్వాతి చీటీ చదివాక నవ్వు ఆగిపోయింది: "ఈ అవ్వ మనూరామె కాదు, ఆంధ్రా నించి పిలుచుకొచ్చినట్టుండారు." సగానికి పైగా చీటీల్లో అదే మాట, ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు.

నిర్ఘాంతపోయాను. ఎన్ని తరాల కిందట వచ్చామో ఎవరికీ తెలియనంత కాలంగా మురుంగపాక్కంలో నాట్లు వేసుకుని బతికిన ఇంటి ఆడపిల్లని నేను. నన్ను పరాయి ఊరిదాన్ని చేసింది పరాయివాళ్లు కాదు, మా మేడమీద మా దుప్పటి ముందు కూర్చున్న మా వాళ్లే. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, మాట్లాడితే ఏ తెలుగు వస్తుందోనని భయం వేసింది.

నిజానికి ఈ పరాయితనం నేను కోరి తెచ్చుకున్నదే. నెల్లూరులో టీచరు ట్రైనింగు ముగించుకుని వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్తలో, సుద్దముక్కల పెట్టె యాడ ఉండాదని అడిగితే స్టాఫ్ రూములో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తోటి టీచర్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు నన్ను నెలల తరబడి వెంటాడింది. అద్దం ముందు నిలబడి ఎక్కడ, ఏమిటి, వెళ్తున్నాను అని పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించి నా నాలుకను మార్చుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. మా అమ్మను కూడా దిద్దడం మొదలుపెట్టాను. యాడికి పోతుండావే అని అడిగితే, ఎక్కడికి వెళ్తున్నావు అనాలమ్మా అని చెప్పందే గడప దాటేదాన్ని కాదు. పాపం, ఆమె ప్రయత్నించింది కూడా. ‘ఎక్కడికి’ దాకా వచ్చి, ‘వెళ్తున్నావు’ దగ్గర తడబడి, నవ్వేసి ఊరుకునేది.

ఒకసారి ఆ తోటి టీచర్లే మా ఇంటికి కాఫీకి వచ్చారు. అమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చింది, వడలు పెట్టింది, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు వెళ్లిపోయాక వంటింటి గుమ్మంలో నిలబడి, "నేనేమన్నా తప్పు మాట్లాడినానా?" అని అడిగింది. నువ్వసలేమీ మాట్లాడలేదుగా, అంతా బాగానే జరిగింది అన్నాను. అన్నది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ రోజు నేను నిజంగానే సంతోషపడ్డాను.

రెండు రోజులు పోయాక మనవరాలు మైకు తెచ్చి, కాగితంలో మొదట ఉన్నట్టే అనమంది. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. యాడికి అన్న మాట నా నోట పాఠం ఒప్పజెప్పినట్టే వచ్చింది. చివరికి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "తప్పుగా అనుకోబాకు అవ్వా, మార్కులుండాయి. ఆకుకూరలామె గొంతు పెట్టుకుంటా" అంది. సరేనన్నాను. నా సొంత ఇంటి మాటకు నేను పనికిరాలేదు.

మర్నాడు ఆకుకూరలామె నటేశన్ నగర్‌లో మా ఇంటికి వచ్చింది. కూరల గంప గుమ్మంలో దించి, మైకు ముందు కూర్చుని, నావైపు చూసి కొంగు సర్దుకుంది. "నేను మాట్లాడేది తప్పేమో టీచరమ్మా, తప్పయితే చెప్పండి" అంది.

నాకు వంటింటి గుమ్మం కళ్లముందుకొచ్చింది. ఏమనాలో ఆలోచించే లోపే నా నోట మాట వచ్చేసింది: "తప్పేంది దాంట్లో? నువ్వు మాట్లాడినట్టే మాట్లాడు." మనవరాలు చెవులకున్నవి తీసేసి, ఇప్పుడన్నావే, అదే, మళ్లీ ఒకసారి అను అవ్వా అని వెంటబడింది. మళ్లీ అనబోతే రాలేదు.

ఆ గొంతు కలిపి నా ఫోనుకు పంపాక, రెండోసారి అదే మేడమీద ట్రైలర్ వేసినప్పుడు నా ముఖంతో, ఆమె గొంతుతో మేకను వెతికిన ముసలావిడను అందరూ తమ మనిషి అన్నారు. గొంతు వేరని ఎవరూ పోల్చుకోలేదు. అవ్వ మాట వింటే మా అమ్మ గుర్తొచ్చిందని ఒకరు రాశారు. ఆ చీటీ అడిగి తీసుకుని దాచుకున్నాను.

మనం సిగ్గుపడి వదిలించుకున్న మాటను ఈ కాలం పిల్లలు మైకులు పట్టుకుని వెతుక్కుంటున్నారు, మనల్నే అడుగుతున్నారు, మన దగ్గర లేదు. తప్పేంది దాంట్లో అనడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. అప్పుడు ఆ గుమ్మంలో నిలబడి అడిగిన మనిషికి మాత్రం ఆ జవాబు చెప్పనే లేదు.